తేలికపాటి హెలికాప్టర్: అసలు ధర తేలేది వర్క్‌షాపులోనే

ఖరగ్‌పూర్ (ఓల్డ్ సెటిల్‌మెంట్): చీతా, చేతక్ హెలికాప్టర్ల స్థానంలో కొత్తవాటిని ప్రవేశపెట్టేందుకు దేశం చేస్తున్న ప్రయత్నం మరోసారి తొలి మెట్టు దగ్గరకే చేరింది. 200 తేలికపాటి హెలికాప్టర్ల కోసం రక్షణ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో తయారీ సంస్థల నుంచి సమాచారం కోరింది. వాటిలో 120 సైన్యానికి, 80 వైమానిక దళానికి ఉద్దేశించినవి. మరోపక్క, ఇదే అవసరం కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్‌ఏఎల్) సొంతంగా రూపొందించిన ఎల్‌యూహెచ్ 2016 సెప్టెంబరు 6న బెంగళూరులో తొలిసారి గాలిలోకి లేచింది. తొమ్మిదేళ్లు గడిచినా సరిహద్దు శిఖరాలపై పాత యంత్రాలే తిరుగుతున్నాయి.

ఈ జాప్యం వెనుక ఒక మౌలిక ప్రశ్న ఉంది. ఒకే మూలం నుంచి అనేక రూపాలుగా ఎదిగే, విడదీసి కూర్చుకోగల, భరించగలిగే ధరలో లభించే తేలికపాటి హెలికాప్టర్ల కుటుంబాన్ని భారతదేశం నిర్మించుకోగలదా? ఈ ప్రశ్నను సాధారణంగా ఢిల్లీ ఒప్పందాల కోణంలోనో, బెంగళూరు రూపకల్పన కేంద్రాల కోణంలోనో చర్చిస్తారు. మరమ్మతు వర్క్‌షాపు కోణంలో చూసేవారు తక్కువ. ఆ కోణం నుంచి చూడటానికి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం తగిన చోటు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. దేశంలోని అతిపెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఒకటి ఇక్కడే ఉంది. యంత్రం కొన్న నాటి ధర కంటే దానిని నడిపించే ఖర్చే పెద్దదన్న సంగతి ఈ పట్టణానికి వృత్తిరీత్యా తెలుసు.

చీతా పుట్టుకే ఒక కూర్పు

విడదీసి కూర్చే పద్ధతి, అంటే మాడ్యులర్ నిర్మాణం, మనకు కొత్త విషయం కాదు. హిమాలయాల్లో అర్ధ శతాబ్దంగా సేవలందిస్తున్న చీతా ఆ పద్ధతిలోనే పుట్టింది. దాని ఫ్రెంచ్ మాతృక పేరు లామా. 1960ల చివర భారత సైనిక అవసరాలను దృష్టిలో పెట్టుకుని దానిని రూపొందించారు. అందుకోసం పూర్తిగా కొత్త యంత్రాన్ని గీయలేదు. అప్పటికే ఉన్న అలూయెట్ 2 దేహాన్ని తీసుకుని, దానికి అలూయెట్ 3 ఇంజిన్‌ను, రోటర్ వ్యవస్థను జతచేశారు. దేహం తేలిక, శక్తి అధికం. ఫలితంగా 1969లో తొలిసారి ఎగిరిన లామా, 1972 జూన్‌లో 12,442 మీటర్ల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అలూయెట్ 3ను మనం చేతక్ పేరుతోనూ, లామాను చీతా పేరుతోనూ హెచ్‌ఏఎల్‌లో తయారు చేసుకున్నాం. ఆ తర్వాత చీతాకే మరింత ఆధునిక ఇంజిన్‌ను అమర్చి చీతల్‌గా మార్చారు.

ఒక దేహం, ఒక రోటర్, అవసరాన్ని బట్టి మారే ఇంజిన్. సియాచిన్‌లో 1984 నుంచి సైనిక శిబిరాలను బతికించింది ఈ కూర్పే. అయితే ఆ యంత్రాల కాలం తీరిపోయింది. వాటిలో ఆధునిక స్వయంచాలక పైలట్ వ్యవస్థగానీ, వాతావరణ రాడార్‌గానీ లేవు. 2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్‌లోని మండాలా సమీపంలో సైన్యపు చీతా కూలి ఇద్దరు అధికారులు మరణించారు. వారిలో లెఫ్టినెంట్ కర్నల్ హోదా గల అధికారి యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారానికి చెందినవారు. ఏ ప్రమాదానికైనా యంత్రం వయసొక్కటే కారణమని తీర్మానించలేం. కానీ పొగమంచు కమ్మిన లోయలో పైలట్‌కు తోడుండాల్సిన పరికరాలు లేని యంత్రాన్ని ఇంకెన్నాళ్లు నడపాలన్న ప్రశ్న తెలుగు నేలపై కూడా ఆ రోజు వినిపించింది.

రెండు దశాబ్దాల నిరీక్షణ

కొత్త హెలికాప్టర్ల వేట చరిత్ర నిరాశ కలిగిస్తుంది. ఫ్రాన్స్ మూలాలున్న యూరోకాప్టర్ సంస్థ ఫెనెక్ హెలికాప్టర్లను 197 కొనేందుకు జరిగిన ప్రక్రియను 2007 డిసెంబరులో రద్దు చేశారు. రెండోసారి పిలిచిన టెండర్లు 2014 ఆగస్టులో రద్దయ్యాయి. 2015 డిసెంబరులో రష్యాతో కామోవ్ 226టీ కోసం ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 200 హెలికాప్టర్లలో అత్యధిక భాగాన్ని భారత్‌లోనే తయారు చేయాలన్నది ఆలోచన. స్వదేశీ విడిభాగాల వాటాపైనా ధరపైనా ఏకాభిప్రాయం కుదరక అదీ ముందుకు సాగలేదు.

ఈ మూడు దారులూ మూసుకుపోయాక మిగిలిన స్వదేశీ ఆశ ఎల్‌యూహెచ్. మూడు టన్నుల తరగతికి చెందిన ఈ ఒంటి ఇంజిన్ హెలికాప్టర్ ఇద్దరు సిబ్బందితో పాటు ఆరుగురిని మోయగలదు. 2020 వేసవిలో లేహ్, దౌలత్ బేగ్ ఓల్డీ ప్రాంతాల్లో ఎత్తు, వేడిమి పరీక్షలను పూర్తిచేసుకుంది. సైన్యానికి 126, వైమానిక దళానికి 61, మొత్తం 187 అవసరమని అంచనా వేశారు. 2021 నవంబరులో తొలి విడతగా 12 కొనేందుకు అనుమతి లభించింది. 2023 ఫిబ్రవరి 6న కర్ణాటకలోని తుమకూరులో 615 ఎకరాల హెలికాప్టర్ కర్మాగారాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఏడాదికి 30 హెలికాప్టర్లతో మొదలుపెట్టి, దశలవారీగా 60, 90కి పెంచాలన్నది అక్కడి లక్ష్యం.

ఏడాదికి 30 చొప్పున తయారైనా 187 హెలికాప్టర్లు అందడానికి ఆరేళ్లకు పైగా పడుతుంది. స్వయంచాలక పైలట్ వ్యవస్థను అనుసంధానించడంలో ఎదురైన చిక్కులు కార్యక్రమాన్ని వెనక్కు నెట్టాయి. పెద్ద సంఖ్యలో ఖాయమైన ఆర్డరు లేనిదే విడిభాగాల సరఫరాదారులు యంత్రసామగ్రిపై పెట్టుబడి పెట్టరు. సరఫరాదారులు ముందుకు రానిదే ధర తగ్గదు. ధర తగ్గనిదే పౌర రంగం కొనదు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట ఛేదించాలి.

కుటుంబం వల్ల కలిగే మేలు

హెలికాప్టర్‌లో అత్యంత ఖరీదైనవి, అత్యంత కష్టపడి రుజువు చేయాల్సినవి తిరిగే భాగాలు. ఇంజిన్, గేర్‌బాక్స్, ప్రధాన రోటర్, తోక రోటర్. వీటిని ఒకసారి సిద్ధం చేసుకుంటే, వాటి చుట్టూ వేర్వేరు దేహాలను నిర్మించుకోవచ్చు. ధ్రువ్ విషయంలో హెచ్‌ఏఎల్ చేసింది ఇదే. జర్మనీకి చెందిన ఎంబీబీ సంస్థ సహకారంతో 1984లో మొదలై, 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరిన ధ్రువ్ నుంచి సాయుధ రూపమైన రుద్ర వచ్చింది. అదే రోటర్, గేర్‌బాక్స్ పరిజ్ఞానంపై సన్నని దేహంతో, ముందూ వెనుకా కూర్చునే ఇద్దరు పైలట్లతో ప్రచండ్ రూపొందింది. శక్తి ఇంజిన్ ఈ కుటుంబానికి ఉమ్మడి గుండె. ఎల్‌యూహెచ్‌లోనూ ఆ ఇంజిన్ వంశానికే చెందిన రూపాన్ని వాడుతున్నారు.

ఇతర దేశాల అనుభవమూ దీనికి సాక్ష్యమిస్తుంది. అమెరికా మెరైన్ దళం వాడే బెల్ యూహెచ్-1వై రవాణా హెలికాప్టర్‌కు, ఏహెచ్-1జెడ్ దాడి హెలికాప్టర్‌కు సుమారు 85 శాతం భాగాలు ఉమ్మడివే. నౌకపై పరిమిత స్థలంలో రెండు రకాల యంత్రాలకు ఒకే విడిభాగాల నిల్వ సరిపోతుంది. ఫ్రాన్స్‌లో 1974లో తొలిసారి ఎగిరిన ఎక్యురోయ్ నుంచి ఒంటి ఇంజిన్ రూపం, రెండింజన్ల రూపం, సైనిక రూపం వచ్చాయి. మనం 2007లో వదులుకున్న ఫెనెక్ ఆ కుటుంబ సభ్యురాలే. దాని నేటి పౌర రూపమైన ఎయిర్‌బస్ హెచ్125ను టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌తో కలిసి భారత్‌లో కూర్చనున్నట్లు 2024 జనవరిలో ప్రకటించారు. కర్ణాటకలోని వేమగల్‌ను అందుకు వేదికగా ఎంచుకున్నారు. ఒక తలుపు నుంచి పంపేసిన కుటుంబమే మరో తలుపు నుంచి తిరిగి వచ్చిందన్నమాట.

అయితే విడదీసి కూర్చే పద్ధతికి మూల్యమూ ఉంది. ప్రతి అతుకూ, ప్రతి బిగింపూ బరువును పెంచుతాయి. కుటుంబంలో అతి బరువైన సభ్యుడికి సరిపోయేలా గేర్‌బాక్స్‌ను రూపొందిస్తే, అతి తేలికైన సభ్యుడు ఆ అదనపు బరువును అనవసరంగా మోయాలి. ఆరువేల మీటర్ల ఎత్తులో హెలికాప్టర్ మోయగలిగే సరకు కొన్ని పదుల కిలోలకే పరిమితమవుతుంది. అక్కడ పది కిలోల అదనపు బరువంటే ఒక జవానుకు చేరాల్సిన కిరోసిన్ తగ్గిపోవడమే. అందుకే ఏ భాగాన్ని ఉమ్మడిగా ఉంచాలి, దేనిని విడిగా చేయాలి అన్న నిర్ణయమే ఈ కార్యక్రమానికి ప్రాణం.

ఒక భాగం విరిగితే అన్నీ నేలపైనే

ఉమ్మడి భాగాల మరో కోణం 2025లో దేశానికి బాధాకరంగా అనుభవమైంది. ఆ ఏడాది జనవరి 5న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో తీరరక్షక దళపు ధ్రువ్ కూలి ముగ్గురు మరణించారు. స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగినట్లు పరిశీలనలో బయటపడింది. పైలట్ చేతి కదలికను గిరగిర తిరిగే రోటర్ రెక్కలకు చేరవేసేది ఆ భాగమే. అది విరిగితే యంత్రం పైలట్ మాట వినదు. దాంతో సైన్యం, వైమానిక దళం, నౌకాదళం, తీరరక్షక దళాలకు చెందిన సుమారు 330 ధ్రువ్‌లను నేలపైనే నిలిపివేయాల్సి వచ్చింది. సైన్యం, వైమానిక దళ రూపాలకు తిరిగి ఎగిరే అనుమతి మే నెల ఆరంభంలో గానీ దక్కలేదు.

నాలుగు నెలల పాటు నాలుగు దళాల ప్రధాన తేలికపాటి రవాణా సాధనం ఆగిపోయింది. ఆ కాలంలో ఎత్తైన శిబిరాల భారం మళ్లీ పాత యంత్రాలపై, అద్దెకు తీసుకున్న పౌర హెలికాప్టర్లపై పడింది. అంతకు ముందు 2023 మే 4న జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వార్‌లో ధ్రువ్ కూలినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన సైనిక సాంకేతిక ఉద్యోగి ప్రాణాలు కోల్పోయారు. యంత్రాన్ని సరిచూసే చేతులే ఆ యంత్రంతో పాటు నేలరాలాయి.

దీన్నిబట్టి కుటుంబ విధానమే తప్పనుకోవడం పొరపాటు. ఉమ్మడి భాగం ఎంత కీలకమైనదైతే దాని తయారీ, తనిఖీ, అలసట పరీక్షలు అంత కఠినంగా ఉండాలన్నదే ఇక్కడి పాఠం. ఉప్పుగాలిలో, నౌకలపై తిరిగే రూపానికి, పొడి కొండగాలిలో తిరిగే రూపానికి ఒకే తనిఖీ గడువు సరిపోదు. ప్రాణాధారమైన భాగాలకు రెండో సరఫరాదారు, వేరుగా నిల్వ, వేరుగా నాణ్యతా పరిశీలన ఉండి తీరాలి.

రైల్వే వర్క్‌షాపు లెక్క

ఇక్కడే ఖరగ్‌పూర్ అనుభవం ఉపకరిస్తుంది. రైలు పెట్టెను నిర్ణీత కాలానికి వర్క్‌షాపుకు తెచ్చి పూర్తిగా విప్పి సరిచేసే పద్ధతిని రైల్వే ఉద్యోగులు పీఓహెచ్ అంటారు. పెట్టె కింద ఉండే చక్రాల చట్రాన్ని, రైల్వే పరిభాషలో అసలైన ‘బోగీ’ని, పెట్టె నుంచి వేరుచేసి మరమ్మతుకు పంపుతారు. అప్పటికే సిద్ధంగా ఉన్న మరో చట్రాన్ని అమర్చి పెట్టెను త్వరగా పట్టాలెక్కిస్తారు. పాతది తీరిగ్గా బాగుపడి, మరో పెట్టె కిందకు చేరుతుంది. దీనినే యూనిట్ మార్పిడి పద్ధతి అంటారు. ఇరుసుల లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించడం ఇక్కడ నిత్యకృత్యం. భాగం భాగానికీ సంఖ్య, చరిత్ర, గడువు ఉంటాయి.

మాడ్యులర్ హెలికాప్టర్ ఆర్థికశాస్త్రం కూడా ఇదే. గేర్‌బాక్స్ పాడైతే యంత్రమంతా నెలల తరబడి షెడ్డులో నిలిచిపోకూడదు. సిద్ధంగా ఉన్న మరో గేర్‌బాక్స్‌ను అమర్చి యంత్రాన్ని పంపించి, పాతదాన్ని మరమ్మతు కేంద్రానికి చేర్చాలి. అమెరికాలోని రాబిన్సన్ సంస్థ చౌక హెలికాప్టర్ల మార్కెట్‌ను గెలుచుకున్నది ఇలాంటి లెక్కతోనే. 1979లో ధ్రువీకరణ పొందిన ఆర్22, ఆ తర్వాతి ఆర్44 హెలికాప్టర్లను 2,200 గంటలకో, 12 ఏళ్లకో ఒకసారి పూర్తిగా విప్పి పునర్నిర్మిస్తారు. ఆ మధ్యకాలపు ఖర్చు ఎంతో యజమానికి ముందే తెలుస్తుంది. ఊహించగలిగే ఖర్చునే భరించగలిగే ఖర్చుగా మార్చారన్నమాట.

పోలికకు హద్దులున్నాయి. రైలులో లోపం తలెత్తితే స్టేషన్‌లో ఆపవచ్చు. గాలిలో ఆ వెసులుబాటు ఉండదు. అందుకే రోటర్ రెక్కల వంటి భాగాలు పైకి చక్కగా కనిపించినా గడువు తీరగానే పక్కన పెట్టేస్తారు. కానీ క్రమశిక్షణ మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ ప్రాంతం ఆ పాఠాన్ని ఒకసారి గాలిలోనూ చూసింది. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, అమెరికా బీ-29 బాంబర్ల ఇరవయ్యో కమాండ్ ప్రధాన కార్యాలయం ఖరగ్‌పూర్‌లోనే ఉండేది. ఆ కాలానికి అంతటి అధునాతన విమానం లేదు. అయినా ఇక్కడి ఎండకు ఇంజిన్లు వేడెక్కి మొరాయించడం ఆ దళాన్ని తీవ్రంగా వేధించింది. కాగితంపై ఎంత గొప్ప యంత్రమైనా, అది పనిచేసే నేలకు, వాతావరణానికి, మరమ్మతు చేసే చేతులకు సరిపోవాలి.

ఎగుమతుల్లోనూ ఇదే రుజువైంది. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ ఏడు ధ్రువ్‌లను కొంది. వాటిలో నాలుగు కూలిపోగా, 2015లో ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. ప్రమాదాల కారణాలపై వాదోపవాదాలు ఎలా ఉన్నా, విడిభాగాలు సకాలంలో అందలేదన్న ఆ దేశపు ఆక్షేపణ మాత్రం మనకు గుణపాఠం. అమ్మినంత మాత్రాన అమ్మకం పూర్తికాదు.

తెలుగు రాష్ట్రాల పాత్ర, అవసరం

హెలికాప్టర్ తయారీలో హైదరాబాద్ ఇప్పటికే భాగస్వామి. నగర శివారులోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ 2018 నుంచి అపాచీ దాడి హెలికాప్టర్ల దేహాలను తయారు చేస్తోంది. అక్కడే సికోర్‌స్కీ ఎస్-92 క్యాబిన్లు తయారయ్యాయి. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం ఉంది. ప్రత్యేక మిశ్రలోహాలకు మిధాని, హెలికాప్టర్ నుంచి ప్రయోగించే క్షిపణులకు భారత్ డైనమిక్స్ ఉన్నాయి. లోటు నైపుణ్యంలో లేదు. ఈ నైపుణ్యాన్నంతా ఒకే స్వదేశీ కుటుంబం చుట్టూ కూర్చే ఖాయమైన ప్రణాళికలోనే ఉంది.

అవసరమూ తక్కువేం కాదు. తుపాన్ల తీరం, గోదావరి వరదలు, రహదారి చేరని మన్యం పల్లెలు తేలికపాటి హెలికాప్టర్ విలువను ఏటా గుర్తుచేస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆహార పొట్లాలు ఆకాశం నుంచే అందాయి. అయినా ఇంత విశాల దేశంలో పౌర హెలికాప్టర్ల సంఖ్య సుమారు 250 మాత్రమే. గాయపడిన వ్యక్తిని గంటలోపు ఆసుపత్రికి చేర్చే అంబులెన్స్ సేవ సామాన్యుడికి అందుబాటులోకి రావాలంటే గంట ప్రయాణానికి అయ్యే ఖర్చు తగ్గడమొక్కటే మార్గం.

అలాగని రక్షణ పరికరాలను తీసేసి చౌక చేయడం కుదరదు. 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగిని, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డిని హెలికాప్టర్ ప్రమాదాల్లో కోల్పోయిన ప్రజలకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. నేల దగ్గర పడుతోందని హెచ్చరించే పరికరం, స్వయంచాలక పైలట్ వ్యవస్థ, యంత్రపు కంపనాలను నిరంతరం నమోదు చేసే ఏర్పాటు చౌక రూపంలోనూ తప్పనిసరి కావాలి.

ఏం చేయాలి

మొదటిది, ఖాయమైన సంఖ్య. 2025 మార్చి 28న 156 ప్రచండ్ హెలికాప్టర్లకు శిక్షణతో సహా రూ.62,700 కోట్ల ఒప్పందాలు కుదిరాయి. ఎల్‌యూహెచ్‌కూ అలాంటి స్పష్టత కావాలి. ఒకవైపు 187 స్వదేశీ హెలికాప్టర్ల అంచనా, మరోవైపు 200 కోసం కొత్త సమాచార సేకరణ. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఏమిటో ప్రభుత్వం స్పష్టం చేస్తేనే సరఫరాదారులు పెట్టుబడికి ముందుకొస్తారు. నిఘా పనిలో కొంత భాగాన్ని డ్రోన్లు చేపడుతున్నందున మనుషులను, సరకును మోసే రూపానికే ప్రాధాన్యం దక్కాలి.

రెండోది, పౌర రూపాన్ని సైనిక రూపం వెంట తోకలా కాకుండా సమాంతరంగా ధ్రువీకరించడం. అంబులెన్స్, వరద సహాయం, శిక్షణ, విద్యుత్ లైన్ల తనిఖీ వంటి పనులకు అదే దేహంలో మారే క్యాబిన్ చాలు. సముద్రంపై చమురు వేదికలకు వెళ్లే పనులకు రెండింజన్ల రూపాన్ని ఆరంభం నుంచే దృష్టిలో పెట్టుకోవాలి.

మూడోది, మరమ్మతు కేంద్రాల వికేంద్రీకరణ. ఈశాన్య సరిహద్దులో తిరిగే యంత్రపు గేర్‌బాక్స్ ప్రతిసారీ దక్షిణాదికి ప్రయాణించనక్కరలేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఏరోస్పేస్ విభాగం, పక్కనే కలైకుండ వైమానిక స్థావరం, లోహపు పగులును పట్టుకోవడంలో ఆరితేరిన రైల్వే పనివారు ఉన్న ఇలాంటి పట్టణాల అనుభవాన్ని తూర్పు భారత మరమ్మతు వ్యవస్థలో వాడుకోవచ్చు. రైల్వే పనివారు రాత్రికి రాత్రే విమాన మెకానిక్‌లు కాలేరు. అందుకు వేరే శిక్షణ, వేరే లైసెన్సు అవసరం. కానీ గడువు తీరిన భాగాన్ని ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టాలన్న నియమాన్ని వారికి కొత్తగా నేర్పనక్కరలేదు.

నాలుగోది, పారదర్శకత. ఏ భాగం ఎన్ని గంటలు పనిచేసింది, ఎక్కడ విఫలమైంది అన్న వివరాలు దళాల మధ్య, తయారీదారుకు, పౌర నియంత్రణ సంస్థకు ఎప్పటికప్పుడు చేరాలి. పోర్‌బందర్ నేర్పిన పాఠం ఇదే. ఉమ్మడి కుటుంబంలో ఒకరి జబ్బును మిగతావారికి దాచిపెడితే అందరికీ అంటుకుంటుంది.

3 నుంచి 15 టన్నుల శ్రేణిలో 20 ఏళ్లలో వెయ్యికి పైగా హెలికాప్టర్లను తయారు చేయాలన్నది తుమకూరు కర్మాగారానికి ప్రభుత్వం పెట్టిన లక్ష్యం. ఆ సంఖ్యను చేరుకున్నామా లేదా అన్నది అక్కడి గేటు దాటిన యంత్రాలను లెక్కపెడితే తెలిసిపోతుంది. ఆ కుటుంబం నిజంగా భరించగలిగేదా కాదా అన్నది మాత్రం పదేళ్ల తర్వాత, ఏదో ఒక మారుమూల షెడ్డులో, పాడైన గేర్‌బాక్స్ స్థానంలో మరొకటి ఎన్ని రోజుల్లో అమరుతుందన్న దానిపై తేలుతుంది. ఆ రోజుల సంఖ్యను ఇప్పుడే, రూపకల్పన బల్ల మీదే నిర్ణయించుకోవాలి.